కోమి గడిలో తొంభై

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

తూనికలు కొలతల శాఖలో ముప్పై ఎనిమిదేళ్లు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన వాడు నమస్కరించి రాసుకునేది.

మీ కంపెనీ వారి గో ఆట ప్రోగ్రాము నెలక్రితం కొన్నాను. మా కోడలు తన పాత కంప్యూటర్లో ఎక్కించి ఇచ్చింది. పెట్టె మీద "ప్రపంచస్థాయి ఆటగాడు మీ ఇంట్లో" అని అచ్చువేశారు. మా ఇంట్లోకి వచ్చినవాడు ప్రపంచస్థాయి ఆటగాడు కాడు. అన్నానికి రమ్మంటే గోడవైపు తిరిగి పడుకునే రకం.

విషయం ఇది. నాది అంతంత మాత్రపు ఆట కనుక తొమ్మిది రాళ్ల హ్యాండిక్యాప్ తీసుకుని, తెల్లరాళ్లు మీ ప్రోగ్రాముకు ఇచ్చాను. మొదటి ఎత్తు బోర్డు అంచున, చిట్టచివరి గీత మీద పెట్టింది. రెండోది దాని పక్కనే. మూడోది నా నల్లరాళ్ల మధ్యకొచ్చి, చంపుకో అన్నట్టు కూర్చుంది. పదకొండు ఆటలు పరీక్షించాను. పదకొండింట్లోనూ ఇదే వరస. పట్టిక జతచేశాను.

కావున తమరు వస్తువును పరీక్షించి, లోపం ఉన్నదీ లేనిదీ రాతపూర్వకంగా తెలియజేయగోరుతున్నాను. ఫోను చెయ్యకండి. ఫోనులో అన్న మాటకు సీలు ఉండదు.

ఇట్లు,
తూకాల ఇన్‌స్పెక్టరు (రిటైర్డ్)

తా.క.: పెట్టె మీద నికర బరువు 210 గ్రాములు అని ఉంది. నా తక్కెడలో 196 తూగింది. ఇది ఫిర్యాదు కాదు. గమనించాను, అంతే.

* * *

ప్రియమైన మాతృమూర్తి గారికి,

మా ఉత్పత్తిని ఎంచుకున్నందుకు ధన్యవాదాలు. మీ చిన్నారి ఆటలో తొమ్మిది నల్లరాళ్ల విషయమై సమస్య తలెత్తినట్లు తెలిసి చింతిస్తున్నాం. పోయిన రాళ్ల కోసం ముందుగా సోఫా కింద, పరుపుల మధ్య వెతకగలరు. మీ సౌకర్యార్థం తొమ్మిది రాళ్లు ఉచితంగా ఇందువెంట పంపుతున్నాం.

సమస్య అప్పటికీ తీరకపోతే కంప్యూటరును ఒకసారి ఆపి మళ్లీ ప్రారంభించండి. తెరను మెత్తటి గుడ్డతో తుడవండి.

మీ చిన్నారికి మా శుభాకాంక్షలతో,
ఫిర్యాదుల విభాగం, మూడో బల్ల

తా.క.: రాళ్లు మింగదగినవి కావు.

* * *

అయ్యా,

మీ జవాబూ, తొమ్మిది ప్లాస్టిక్ రాళ్లూ అందాయి. రాళ్లను తూచి (ఒక్కొక్కటి రెండు గ్రాములు, ఒకటి మాత్రం గ్రామున్నర) తిరుగు టపాలో పంపుతున్నాను. రాళ్లేమీ పోలేదు. మా ఇంట్లో సోఫా లేదు. నేను మాతృమూర్తిని కాను.

ఆట అమ్మేవాళ్లకు ఆట చెప్పాల్సి రావడం నా ఖర్మ. బోర్డు మీద అడ్డంగా పందొమ్మిది గీతలు, నిలువుగా పందొమ్మిది. ఒకరివి నల్లరాళ్లు, ఒకరివి తెల్లరాళ్లు. గీతలు కలిసేచోట వంతులవారీగా ఒక్కో రాయి పెడుతూ పోతారు. ఎవరు ఎక్కువ జాగా చుట్టుకుంటే వాళ్లు గెలిచినట్టు. నల్లవాడు ముందు ఆడతాడు, అది వాడికి లాభం. దానికి బదులుగా ఆఖర్న లెక్క తేల్చేటప్పుడు తెల్లవాడికి ఏడున్నర పాయింట్లు కలుపుతారు. దాన్ని కోమి అంటారు. బలహీనుడు బలవంతుడితో ఆడేటప్పుడు, ఆట మొదలుకాకముందే వాడి రాళ్లు కొన్ని బోర్డు మీద పెట్టుకోనిస్తారు. అది హ్యాండిక్యాప్. ఇంతే. ఇందులో మింగేదేమీ లేదు.

మీ జవాబు వచ్చేలోగా నా ఫిర్యాదు రెండింతలైంది. తిరగేసి చూశాను, యంత్రానికే తొమ్మిది రాళ్లు ఇచ్చాను. అప్పుడు ఇంకో రకం జబ్బు. గెలుపు ఖాయమని తెలిశాక, ఉద్యోగం పర్మనెంటైన గుమాస్తాలా ఆడింది. మూల అడిగితే మూల ఇచ్చేసింది, పక్క అడిగితే పక్క ఇచ్చేసింది. చేతిలో వంద పాయింట్ల ఆధిక్యం పెట్టుకుని, చివరికి అర పాయింటు తేడాతో గెలిచింది. ఆ అర పాయింటు మాత్రం చచ్చినా వదల్లేదు.

ఓడిపోతానంటే పిచ్చి ఆట, గెలుస్తానంటే బద్ధకం. ఇలాంటి తక్కెడ కనబడితే నేను అక్కడికక్కడే జప్తు చేసేవాణ్ని.

నాకు గెలవాలన్న యావ లేదు. బలవంతుడు బలహీనుడికి మర్యాదగా రాళ్లు ఎలా ఇస్తాడో, ఇచ్చాక ఎదురుగా కూర్చుని ఎలా ఆడతాడో చూడాల్సిన అవసరం పడింది. అందుకు కొన్నాను. అది తప్ప అన్నీ చూపిస్తోంది మీ యంత్రం.

ఇట్లు,
తూకాల ఇన్‌స్పెక్టరు (రిటైర్డ్)

తా.క.: మీరు శుభాకాంక్షలు పంపిన చిన్నారికి ఈమధ్యే అరవై తొమ్మిది నిండాయి. రాళ్లు మింగడం లేదు. మాత్రలు మింగుతున్నాడు.

* * *

ఇన్‌స్పెక్టరు గారికి నమస్కారం.

మాతృమూర్తి అన్నందుకు క్షమించండి. మా దగ్గర జవాబుల నమూనాలు నాలుగే ఉన్నాయి. తల్లులకు ఒకటి, బడులకు ఒకటి, క్లబ్బులకు ఒకటి, కోర్టుకెళ్తామనేవాళ్లకు ఒకటి. మీకు నాలుగోది పంపుదామని మొదటిది కవర్లో పెట్టాను.

అందరూ కంప్యూటర్లోనే ఫిర్యాదు చేస్తారు. అవి చూడ్డానికి కింద హాల్లో ముప్పైమంది ఉన్నారు. కాగితం మీద రాసేవాళ్లు నా వాటా. పదమూడేళ్లుగా ఈ బల్ల దగ్గర నేనొక్కదాన్నే. నిజం చెప్పాలంటే ఉత్తరాలు చదవడం మానేసి చాలా కాలమైంది. పైన రెండు లైన్లు, కింద రెండు లైన్లు చూసి నమూనా తీస్తాను. మీ మాత్రల ముక్క చూసి నవ్వొచ్చింది, అందుకని మొత్తం చదవాల్సి వచ్చింది.

ఈ ప్రోగ్రాము తయారుచేసిన ఇంజనీరు నాలుగో అంతస్తులో ఉంటాడు. లిఫ్టు ఏడాదిగా పనిచెయ్యడం లేదు. మొదటిసారి ఎక్కేసరికి ఆయాసానికి అడగాల్సింది కాస్తా మర్చిపోయాను. మంచినీళ్లు తాగి దిగొచ్చాను. రెండోసారి ప్రశ్న కాగితం మీద రాసుకుని ఎక్కాను. ఆయన తెర మీంచి కళ్లెత్తకుండా చెప్పింది ఇది.

మా యంత్రం తనతో తానే లక్షల ఆటలు ఆడుకుని నేర్చుకుందట. అన్నీ సమానమైన ఆటలే, అన్నింటికీ ఏడున్నర కోమి. హ్యాండిక్యాప్ రాయి మొహం అది పుట్టి ఎరగదు. పైగా దానికి ఎన్ని పాయింట్ల తేడా అన్నది పట్టదు, గెలుపా ఓటమా అన్నదొక్కటే లెక్క. ప్రతి ఎత్తుకీ ముందు, ఇక్కడ పెడితే నూటికి ఎన్నిపాళ్లు గెలుస్తాను అని చూసుకుంటుంది. ఎదురుగా తొమ్మిది రాళ్లుంటే ఎక్కడ పెట్టినా నూటికి ఒక పాలు కూడా రాదు. మంచి ఎత్తుకీ అంతే, చెత్త ఎత్తుకీ అంతే. అలాంటప్పుడు ఏదో ఒకటి పెట్టేస్తుంది. అది అలక కాదండీ. ఏం చేసినా ఒకటేనని తెలిసినవాళ్ల పని అలాగే ఉంటుంది. (ఈ ముక్క ఇంజనీరుది కాదు, నాది.) గెలుపు ఖాయమైనప్పుడు బద్ధకం కూడా అందుకే.

మార్గం ఒకటుందట. సెట్టింగుల్లో కోమి అని ఒక గడి ఉంటుంది. అందులో ఏడున్నర చెరిపేసి తొంభై కొట్టండి. అంటే, ఆఖర్న నీకు తొంభై పాయింట్లు కలుస్తాయి అని దానికి అబద్ధం చెప్పడం. అది నమ్ముతుంది. ఆట సమానంగానే ఉందనుకుని ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడుతుంది. మీరు ఎలాగూ తప్పులు చేస్తూ పోతారు కాబట్టి (ఇది ఇంజనీరు మాట) మధ్యమధ్యలో ఆ అంకె కాస్త కాస్త తగ్గించుకుంటూ రావాలి. అసలు కోమికి దిగేసరికి ఆట నిజంగానే సమానమైపోయి ఉంటుందట.

ఇట్లు,
ఫిర్యాదుల విభాగం, మూడో బల్ల

తా.క.: పైన "నేనొక్కదాన్నే" అన్నచోట మీరు గమనించకపోతే, నేను అయ్యను కాను.

* * *

అమ్మా,

అయ్యా అన్నందుకు నన్నూ క్షమించు. నీ మాతృమూర్తికీ నా అయ్యాకూ చెల్లు.

కానీ ఆ మిగతాది చదివి నాకు ఒళ్లు మండింది. దొంగ అంకె వెయ్యమంటావా? నాతోనా? ఒకసారి పాత ఇనుము దుకాణంలో తక్కెడ పళ్లెం కింద మైనంతో సీసపు ముక్క అతికించి ఉంటే, కంటికి కనబడక చేత్తో తడిమి పట్టుకున్నాను. దుకాణంవాడు కాళ్లమీద పడ్డాడు. ఆ కాళ్లు వెనక్కి తీసుకుని దుకాణానికి సీలు వేశాను. ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్క తప్పుడు అంకె నా చేత్తో రాయలేదు. ఆలస్యం కాకుండా ఉంటుందని మా ఆవిడ గోడ గడియారం రెండు నిమిషాలు ముందుకు తిప్పితే మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

అసలు ఈ యంత్రంతో నాకేం పనో చెబుతాను. నవ్వకు.

మా అక్క మొగుడు, మా బావ, ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాడు. ఇరవై ఆరేళ్లుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికొచ్చేవాడు. ఆటలో నాకంటే మొనగాడు. ఎప్పుడూ తెల్లరాళ్లు ఆయనవే, నాకు రెండు రాళ్లు ఇచ్చేవాడు. నేను మొహం చిట్లిస్తే "తీసుకోరా, సిగ్గెందుకు" అనేవాడు.

పోయిన ఏడాది ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు కాస్త ఈడుస్తాడు. మాటా తెలివీ శుభ్రంగా ఉన్నాయి. మూడు నెలల తర్వాత మళ్లీ రావడం మొదలుపెట్టాడు, కానీ వరసగా అయిదు ఆదివారాలు ఓడిపోయాడు. అలా ఇలా కాదు. కళ్లెదుట ఉన్న రాయి చూసుకోడు. మధ్యలో కళ్లు మూసుకుంటాడు. ఆరో ఆదివారం, మంచి చేస్తున్నాననే అనుకుని, ఆయన వచ్చేలోగా నల్లరాళ్లు ఆయన వైపు పెట్టి, రెండు రాళ్లు బోర్డు మీద ఉంచాను. ఆయన వచ్చి ఆ రెండు రాళ్లనూ చూశాడు. కూర్చోలేదు. గొడుగు తీసుకుని వెనక్కి తిరిగాడు. మాది రెండో అంతస్తు. నలభై ఒక్క మెట్లు. ఒక్కో మెట్టుకీ గొడుగు కర్ర చప్పుడు. లేచి వెళ్లి పిలవాల్సింది పోయి, లోపల కూర్చుని లెక్కపెట్టాను. అలవాటు.

నాలుగు నెలలైంది. ఫోను చేస్తే అక్క "ఆయన పడుకున్నారు" అంటుంది. మధ్యాహ్నం పన్నెండింటికి పడుకున్నారు, సాయంత్రం అయిదింటికి పడుకున్నారు. మా బావ అంత నిద్ర పుట్టినప్పుడు కూడా పోయి ఉండడు.

నాకు మీ యంత్రం గెలవనక్కర్లేదు, ఓడనక్కర్లేదు. మా బావ మళ్లీ నా ఎదురుగా కూర్చోవాలి. రాళ్లు తీసుకోని మనిషికి రాళ్లు ఎలా ఇవ్వాలో మీ నాలుగో అంతస్తులో ఎవరికైనా తెలిస్తే కనుక్కో.

ఇట్లు,
తూకాల ఇన్‌స్పెక్టరు (రిటైర్డ్)

తా.క.: ఆ గడిలో తొంభై కొట్టి చూశాను. పరీక్ష కోసమే. రెండు గంటలసేపు దేవుడిలా ఆడింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

* * *

ఇన్‌స్పెక్టరు గారూ,

మీ ఉత్తరం భోజనాల వేళ చదివాను. తప్పు చేశాను, తినబుద్ధి కాలేదు.

నా దగ్గర బావలకు నమూనా లేదు. బల్ల మీద ఇంకా యాభై కవర్లున్నాయి. నాకు తోచింది చెబుతాను, హామీ మాత్రం ఇవ్వను.

రాళ్లు కంటికి కనబడతాయి. కోమి కనబడదు, ఆఖర్న కాగితం మీద కలిపే అంకె అది. కాబట్టి తెల్లరాళ్లు మళ్లీ ఆయనకే ఇచ్చి కోమి పెంచండి. నియమం మారింది, ఇకనుంచి తెల్లవాడికి పాతిక పాయింట్లు అని చెప్పండి. ఆయన నమ్మేటందుకు "సవరించిన నియమావళి" అని ఒక కార్డు అచ్చుకొట్టి పంపుతున్నాను. ప్రింటరు నా బల్ల పక్కనే ఉంది. కంపెనీ ముద్ర వెయ్యలేదు, వేస్తే నా ఉద్యోగానికి సీలు పడుతుంది. దొంగ తూకం అంటారని తెలుసు. ఇది తూకం కాదు, అచ్చు. మీ శాఖ కిందికి రాదు.

పనిచెయ్యకపోతే నాకు రాయనక్కర్లేదు. ఈ బల్ల దగ్గర్నుంచి వెళ్లినవాటిలో పనిచేసినవి తక్కువ.

ఇట్లు,
మూడో బల్ల

తా.క.: అర గ్రాము తక్కువైన రాయి గురించి స్టోర్సుకు రాశాను. వాళ్లు నాకు మాతృమూర్తి నమూనా పంపారు.

* * *

అమ్మా,

నీ కార్డు బ్రహ్మాండంగా పనిచేసింది.

స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాను. బావ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు. ఆయనకు దాని మీద గట్టి అభిప్రాయమే ఏర్పడింది. ఆదివారం మెట్లెక్కి వచ్చాడు. తెల్లరాళ్లు తీసుకున్నాడు. ఆడాం. ఓడిపోయాడు గానీ, ఓడిపోయాక గొడుగు కోసం చూడలేదు. టీ తాగాడు.

ఇంతవరకు వచ్చిందంటే నీ చలవే. ఇంకొంచెం దూరం ఉంది. వచ్చి కూర్చుంటున్నాడు గానీ పాత ఆట రావడం లేదు. ఇంకేమైనా తోస్తే రాయి. తొందరేమీ లేదు, కానీ రాయి.

ఇట్లు,
తూకాల ఇన్‌స్పెక్టరు (రిటైర్డ్)

తా.క.: ఎవరికీ నేను ఊరికే యోగ్యతా పత్రం ఇవ్వలేదు. నీకిస్తున్నాను. కొట్టివేతలుంటే అది కలం తప్పు.

* * *

ఇన్‌స్పెక్టరు గారూ!

నిజంగానా? టీ తాగారా?

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పదమూడేళ్లలో ఈ బల్లకు "పనిచేసింది" అని వచ్చిన మొదటి కాగితం ఇది. సొరుగులో పెట్టుకున్నాను. ఆ ఊపులో మిగతా కవర్లన్నీ చివరిదాకా చదివాను. ఒక బడి మాస్టారు రెండేళ్ల నుంచీ ఒకే ప్రశ్న అడుగుతున్నారు, నేను ఆయనకు నాలుగుసార్లు తెర తుడవమన్నాను. పాపం, తుడిచారట.

ఇంకో సంగతి. ఆట నేర్చుకుంటున్నాను. తెలియని ఆటకు సలహాలేమిటని సిగ్గేసింది. ఇంజనీరు చిన్న బోర్డు ఒకటి ఇచ్చాడు. భోజనాల వేళ గేటు దగ్గర వాచ్‌మన్‌తో ఆడుతున్నాను. ఆయన నాకు అయిదు రాళ్లు ఇచ్చాడు. తీసుకోవడానికి ఎంత మొహమాటమేసిందో చెప్పలేను. బావగారి సంగతి అప్పుడు కొంత అర్థమైంది.

మీరు చెప్పింది కొద్దిగా ఉంది. పాత ఆట రావడం లేదంటే ఏమిటి? ఏ ఎత్తు దగ్గర పోతోంది? వచ్చే ఆదివారం ఆట మొత్తం, మొదటి రాయి నుంచి చివరి రాయి దాకా, వరసగా కాగితం మీద రాసి పంపండి. యంత్రానికి చూపిస్తాను. నాలుగంతస్తులూ ఎక్కుతాను, ఫరవాలేదు.

ఇట్లు,
మూడో బల్ల

తా.క.: వాచ్‌మన్ కూడా ఎప్పుడూ అర పాయింటు తేడాతోనే గెలుస్తున్నాడు. నాకు అనుమానంగా ఉంది.

* * *

అమ్మా,

అడిగావు కనుక ఆట పంపుతున్నాను. రెండువందల ముప్పైనాలుగు ఎత్తులు. నల్ల నాది, తెల్ల బావది. ఆ పాతిక కలపకుండా చూస్తే మూడు పాయింట్ల తేడాతో బావ ఓడిపోయాడు.

ఎక్కువ రాయలేను, కళ్లు లాగుతున్నాయి. ఈ ఆట ఆడ్డానికి నాకు రెట్టింపు శ్రమ అయింది.

ఇట్లు,
తూకాల ఇన్‌స్పెక్టరు (రిటైర్డ్)

తా.క.: నీ వాచ్‌మన్ మంచివాడు. అనుమానించకు.

* * *

ఇన్‌స్పెక్టరు గారూ,

మీ ఆట యంత్రానికి చూపించాను. ఇంజనీరు మొదటిసారి తెర మీంచి కళ్లెత్తాడు.

మీ ఇద్దరిదీ ఒకటే జబ్బట. ఇద్దరూ మూలల్లోకి దూరడానికి భయపడతారు. ఇద్దరూ చిన్న జాగా కాపాడుకోవడానికి పెద్ద జాగా వదిలేస్తారు. నల్లవాడు యాభై ఒకటో ఎత్తు దగ్గర చేసిన తప్పే తెల్లవాడు ఎనభయ్యో ఎత్తు దగ్గర చేశాడు. ఇరవై ఆరేళ్లు ఎదురెదురుగా కూర్చుంటే మనుషులు ఇలా ఒకటైపోతారేమో. ఇంటికెళ్తూ బస్సులో అదే తలుచుకున్నాను. నాకు కొంచెం అసూయ వేసింది.

కానీ ఒక్కటి కొరుకుడు పడలేదు. ఈ ఆటలో బావగారు మీతో సమానంగా ఆడారు. మరి ఆ అయిదు ఆదివారాలు కళ్లెదుటి రాయి ఎందుకు కనబడలేదు? మాటా తెలివీ శుభ్రంగా ఉన్నాయని మీరే రాశారు. మీ పాత ఉత్తరాలన్నీ సొరుగులోంచి తీసి మళ్లీ చదివాను, పై రెండు లైన్లూ కింది రెండు లైన్లూ కాదు, మొత్తం.

నలభై ఒక్క మెట్లు, ఇన్‌స్పెక్టరు గారూ.

నా రెండు కాళ్లూ బాగానే ఉన్నాయి. నాలుగో అంతస్తుకు ఎక్కేసరికి నేను దేనికి ఎక్కానో నాకే గుర్తులేదు. ఆయన ఒక కాలు ఈడ్చుకుంటూ ఎక్కారు. మీ తలుపు తట్టేసరికే ఆయన మీకు తొమ్మిది రాళ్లు ఇచ్చేసి వచ్చారండీ. అవి బోర్డు మీద కనబడలేదు, అంతే. పైగా మీరు, పాపం ఓడిపోతున్నాడు అని రెండు రాళ్లు చూపించారు. నేనైనా గొడుగు తీసుకునేదాన్ని.

మీరు లోకంలో అన్నీ తూచారు. ఆ మెట్లు లెక్కపెట్టారు కూడా. ఏ పళ్లెంలోనూ వెయ్యలేదు.

కార్డు చింపెయ్యండి. కోమి మార్చకండి. ఏమీ కలపకండి, ఏమీ తీసెయ్యకండి. బోర్డు చంకన పెట్టుకుని మీరే ఆయన ఇంటికి వెళ్లండి. ఇది మాత్రం హామీ ఇస్తున్నాను. ఎందుకిస్తున్నానో తెలియదు, ఇస్తున్నాను.

ఇట్లు,
మీ మూడో బల్ల

తా.క.: వాచ్‌మన్‌ను నిలదీశాను. ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఏడు రాళ్లు ఇస్తున్నాడు, నిజాయితీగా ఓడిస్తున్నాడు.

* * *

అమ్మాయీ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నేను నీకు అబద్ధం చెప్పాను. ఒకటి కాదు. నీ కార్డు పనిచెయ్యలేదు. బావ ప్రెస్సులో నలభై ఏళ్లు అక్షరాలు పేర్చినవాడని నీకు ముందే రాశాను, నువ్వూ మర్చిపోయావు, నేనూ మర్చిపోయాను. వెలుతురుకు ఎత్తి చూసి, "ఇంకు తడి కూడా ఆరలేదు, ఎవర్రా నీకీ కార్డు కొట్టిచ్చింది" అని రెండు ముక్కలు చేసి గుమ్మంలో నా చేతిలో పెట్టి తలుపేసుకున్నాడు. ఆదివారం రాలేదు. టీ తాగలేదు. నీకు పంపిన ఆటలో నల్ల నేనే, తెల్ల కూడా నేనే. కుర్చీ మార్చి మార్చి ఆడాను. మీ యంత్రం సరిగ్గానే పట్టుకుంది. దానికి అసూయ పడ్డావే, అది చదివి రెండో కుర్చీ తీసి గోడకు చేర్చాను.

ఎందుకు చెప్పానంటే. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే, ఎవరో అంచు గీత మీద రాయి పెట్టారు అనుకున్నాను. ఏం రాసినా ఒకటేనని తెలిసిన చెయ్యి అది. కార్డు పంపినప్పుడు కూడా, పనిచెయ్యకపోతే రాయనక్కర్లేదు అన్నావు. పనిచెయ్యలేదని రాస్తే నువ్వు మళ్లీ సోఫా కింద వెతకమంటావు. నాకు వేరే దిక్కు లేదు. అక్క ఫోను ఎత్తడం కూడా మానేసింది. కలం పట్టుకుని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని, నీ గడిలో తొంభై కొట్టాను.

నమ్మావు. ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడావు. ఆట నేర్చుకున్నావు. మెట్లెక్కావు. చివరికి ముప్పై ఎనిమిదేళ్ల ఇన్‌స్పెక్టరుకు కనబడని తూకం చూపించావు. ఇప్పుడు అంకె అసలు కోమికి దించేస్తున్నాను.

మొన్న ఆదివారం బోర్డు మోసుకుని వెళ్లాను. వాళ్లది కింది అంతస్తు. ఒక్కటే మెట్టు. దారిలో మూడుచోట్ల ఆగాను, బోర్డు బరువు అలాంటిది. అక్క తలుపు తీసి నన్నూ, బోర్డునూ చూసి లోపలికి కేకేసింది. బావ వచ్చాడు. నా ఆయాసం చూశాడు. అప్పుడు, "ఇప్పుడు తెలిసిందిరా? కూర్చో. ముందు మంచినీళ్లు తాగు. నీ ఆయాసం తగ్గాకే ఆడదాం" అన్నాడు.

నాకు అయిదు ఆదివారాల్లో ఒక్కసారి కూడా ఆ మాట అనాలని తోచలేదమ్మా.

ఆయాసం తగ్గాక, తెల్లరాళ్ల డబ్బా తనవైపు లాక్కుని, నావైపు రెండు నల్లరాళ్లు తోశాడు. "తీసుకోరా, సిగ్గెందుకు" అన్నాడు. తీసుకున్నాను. పదకొండు పాయింట్ల తేడాతో నన్ను ఓడించాడు. ఒక్కసారి కూడా కళ్లు మూసుకోలేదు. వచ్చే ఆదివారం మూడు రాళ్లిస్తాడట.

ఇన్నాళ్లూ ఓడిపోయింది మా బావ కాదు, మా మెట్లు గెలిచాయి.

ఇట్లు,
నీకు అబద్ధం చెప్పినవాడు

తా.క.: మీ లిఫ్టు గురించి మీ కంపెనీకి విడిగా ఫిర్యాదు రాశాను. అది నీ బల్లకే వస్తుంది. కోర్టుకెళ్తామనేవాళ్ల నమూనా వాడు.

మళ్లీ తా.క.: బావకు చూపిద్దామని మీ ప్రోగ్రాము పెట్టె కూడా తీసుకెళ్లాను. అక్క వంటింటి తక్కెడలో పెడితే 210 గ్రాములు తూగింది. నమ్మక, ఇంటికొచ్చి నా తక్కెడను సరిచూశాను. రెండువందల పదికి పద్నాలుగు గ్రాములు తక్కువ చూపిస్తోంది. ఎన్నేళ్ల నుంచో తెలియదు. దాని మీద సీలు నేను వేసిందే.